మోరాగ్ అడిగిన పాఠం

గ్లాస్గో,
అక్టోబరు 6, 2024

వదినా,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ కూ అంటుంది, నువ్వు స్పీకర్ పెడతావు, అటు మీ అబ్బాయి ప్రదీప్ ఆఫీసు మీటింగు, ఇటు పిల్లల టీవీ. అన్న పోయినప్పటి నుంచి మనమిద్దరం మనసు విప్పి మాట్లాడుకున్నది లేదు. ఉత్తరమైతే మీ ఇంట్లో తెలుగు చదవగలిగేది నువ్వొక్కదానివే. కాబట్టి నువ్వూ రాయాలి. రెండు ముక్కలు గీకి పంపితే ఊరుకోను.

ఇక్కడ ఒక వింత జరిగింది. నేను టీచరునయ్యాను! మా వీధి చివర కమ్యూనిటీ లైబ్రరీ ఉంది. ఏదో కాగితం ప్రింట్ తీసుకుందామని వెళ్తే, అక్కడ పనిచేసే ఫియోనా అనే అమ్మాయి "మీది ఏ భాష?" అని అడిగింది. చెప్పాను. ఆ లైబ్రరీలో పెద్దవాళ్ళకు అన్నీ ఉచితంగానే నేర్పుతారు వదినా. అల్లిక, కంప్యూటరు, బొమ్మలు వేయడం, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం, చివరికి ఇక్కడి పాత భాష గేలిక్ కూడా. "ఒకామె ఎండాకాలం నుంచి తెలుగు కావాలని అడుగుతోంది, నేర్పేవాళ్ళు దొరకడం లేదు, మీరు నేర్పుతారా?" అంది. ఆస్పత్రి ఫార్మసీ ఉద్యోగం మానేసినప్పటి నుంచి నాకేం పని చెప్పు. మా ఆయనకు క్రికెట్టు, నాకు గోడలు. సరేనన్నాను.

ప్రతి గురువారం సాయంత్రం క్లాసు. మొత్తం ముగ్గురు. జిమ్ అని బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి. ఆయన లైబ్రరీలో జరిగే ప్రతి క్లాసుకూ వస్తాడు. ఇంట్లో హీటింగు వేసుకుంటే బిల్లు ఎక్కువ, ఇక్కడ వెచ్చగా ఉంటుంది, టీ ఇస్తారు. "ఇంతకీ తెలుగు ఏ దేశంలో మాట్లాడతారమ్మా?" అని రెండో వారం అడిగాడు! రుచిత అని ఇక్కడే పుట్టిన మన పిల్ల, అమ్మమ్మ పంపే మెసేజీలు చదువుకోవాలని వస్తోంది.

మూడో ఆమె మోరాగ్. తెలుగు కావాలని అడిగింది ఈమే. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసి మానేసింది. భర్త విద్యాసాగర్ మన జగిత్యాల వైపు మనిషి. ఓడలు కట్టే చదువు కోసం ఎప్పుడో వచ్చి, ఈమెను చేసుకున్నాడు. అక్కడివాళ్ళు వెలివేసినంత పని చేశారట. ఆ కోపంతో ఇంట్లో తెలుగు మాటే ఎత్తలేదు. ఈ వసంతంలో అతనికి స్ట్రోక్ వచ్చింది వదినా. ఇంగ్లీషు మొత్తం పోయింది, తెలుగు ఒక్కటే మిగిలింది. ఆమె చెప్తే నేను నమ్మలేదు, కానీ అలా అవుతుందట, చిన్నప్పటి భాష నిలిచి తర్వాత వచ్చింది పోతుందట.

మొదటి రోజు ఏం నేర్పాలో తెలియక "మీ పేరేమిటి" అని మొదలుపెట్టాను. మోరాగ్ చెయ్యెత్తి, "నీకు ఎక్కడ నొప్పిగా ఉంది అని ఎలా అడగాలి?" అంది. పేరూ ఊరూ పక్కన పెట్టి అదే నేర్పాను.

నీ కస్తూరి


రీడింగ్,
అక్టోబరు 25, 2024

కస్తూరీ,

ఉత్తరం అందింది. బిల్లులూ పిజ్జా కాగితాలూ తప్ప పోస్టులో నా పేరు మీద ఏదైనా వచ్చి ఎన్నాళ్ళయిందో. వర్షిత కవరు పట్టుకొచ్చి "నానమ్మా, హూ ఈజ్ దిస్ ఫ్రమ్?" అంది. మీ తాత చెల్లెలు, అల్లరి మనిషి అని చెప్పాను.

నువ్వు టీచరువా! పలక పగలగొట్టి ఆ నేరం మీ అన్న మీదికి తోసింది నువ్వే కదా. దెబ్బలు తనకు పడ్డాయని పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పాడు. ఆ తెల్లవాళ్ళను దేవుడే కాపాడాలి.

ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. నువ్వు ఆమెకు పుస్తకంలో తెలుగు నేర్పుతున్నట్టున్నావు. జగిత్యాల మనిషికి "నీకు ఎక్కడ నొప్పిగా ఉంది" అంటే చెవికి ఏం ఆనుతుంది? "యాడ నొస్తున్నది" అని నేర్పు. చిన్నప్పటి భాష మిగిలిందంటే వాళ్ళమ్మ మాట్లాడిన భాషే కదా మిగిలేది.

ఇక్కడ మా లైబ్రరీలోనూ ఏవేవో ఉన్నాయని మధులిక నా పేరు రాయించింది, కుర్చీలో కూర్చుని చేతులూపే క్లాసుకు. చేతులూపడానికి అంత దూరం పోవాలా, ఇంట్లో ఊపుతున్నది చాలదా అన్నాను. కోడలు మంచిది, పాపం, నేను ఒక్కదాన్నే కూర్చుంటే చూడలేకపోతోంది. ప్రదీప్ పొద్దున రైలు పట్టుకుంటే మళ్ళీ చీకటి పడ్డాకే. వచ్చి నా పక్కన ఓ ఐదు నిమిషాలు కూర్చుంటాడు. ఏమైనా మాట్లాడదామంటే వాడు తల దించుకుంటాడు. మీ అన్న పోయినప్పటి నుంచి అంతే.

ఆ మోరాగ్‌నే తలుచుకుంటున్నాను. మనిషి ఎదురుగా ఉండీ మాట అందకపోతే ఎట్లా? ఆమెకు మంచిగ నేర్పు.

పుష్పలీల


గ్లాస్గో,
నవంబరు 29, 2024

వదినా,

నువ్వు చెప్పినట్టే నేర్పుతున్నాను. "యాడ నొస్తున్నది" అని మోరాగ్ అడిగితే అతను మొదటిసారి చెయ్యెత్తి భుజం చూపించాడట. ఆ రోజు క్లాసుకు కేకు తెచ్చింది. జిమ్ రెండు ముక్కలు తిని మూడోదానికి "సాలు, సాలు" అంటూనే తీసుకున్నాడు.

కానీ ఈ ఉత్తరం అందుకు రాయడం లేదు. నేను ఒక పని చేశాను. మంచిదో చెడ్డదో నువ్వే చెప్పాలి.

మోరాగ్ నన్ను ఆస్పత్రికి రమ్మంది. అతను రోజూ ఒకే మాట అంటున్నాడట, ఆమెకు అందడం లేదు. ఆస్పత్రివాళ్ళు ఫోన్‌లో ఒక తెలుగు మనిషిని పెట్టారు కానీ, విద్యాసాగర్ నోరు ఒక పక్కకు వంకర పోయింది, మాట ముద్దగా వస్తోంది, ఆ ఫోన్ మనిషికి ఏమీ అర్థం కాలేదు. పోయిన శనివారం నేను వెళ్ళాను. పొడుగాటి మనిషి వదినా, మంచం అంచు దాకా కాళ్ళు. మింగలేడు కాబట్టి కడుపులోకి పైపు పెట్టి అన్నం బదులు ఏదో పాలలాంటిది పోస్తున్నారు. "మీది ఏ ఊరన్నా?" అన్నాను. నన్నట్లా చూసి ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు. "ఏ ఊరు చెల్లె నీది?" అన్నాడు. హన్మకొండ అన్నాను. నా చెయ్యి వదల్లేదు.

తర్వాత చెప్పాడు. మెల్లగా, ఒక్కొక్క మాట. "చెల్లె, ఇగ సాలు. గీ పైపు తియ్యమను. సూదులు వద్దు. నన్ను పోనియ్యమను. మోరాగ్‌కు చెప్పు. ఆమెకు చెప్పు."

మోరాగ్ నా భుజం పట్టుకుని, "ఏమంటున్నాడు? ఏమంటున్నాడు?" అంటోంది. ఆమె కళ్ళలో ఎంత ఆశ! పొద్దున లేచి అద్దం ముందు నిలబడి "మంచిగున్నవా" అని పలకడం నేర్చుకుంటున్న మనిషి. ఆమెతో నేనెట్లా అనేది? "ఇంటికి తీసుకుపొమ్మంటున్నాడు" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. వెంటనే నర్సు దగ్గరికి పరిగెత్తింది. నేను చెప్పిన ఇంగ్లీషు అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. కానీ నా చెయ్యి వదిలేసి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. చెప్పు వదినా, తప్పు చేశానా?

కస్తూరి


రీడింగ్,
డిసెంబరు 14, 2024

కస్తూరీ,

నువ్వు చేసింది సరైన పనే. ఊరికే మనసు పాడు చేసుకోకు. అటువంటి మాట ఇల్లాలి చెవిన ఎవరైనా వేస్తారా? మన ఇళ్ళలో ఎవరూ వేయలేదు. రోగంతో ఉన్న మనిషి వంద అంటాడు, అన్నీ మోసుకొచ్చి భార్యకు అప్పజెప్తామా? ఆమె బొట్టు పెట్టుకోకపోతే మాత్రం ఇల్లాలు కాదా? ఆశతో ఉంది, ఉండనీ. ఇంటికి తెచ్చుకుంటే మంచిదే, ఇంటి గాలికి మనిషి తేరుకుంటాడేమో.

మీ అన్న సంవత్సరీకం అయింది. ప్రదీప్ పక్క ఊరు స్లౌ నుంచి పంతులుగారిని పిలిపించాడు. పొగ వస్తే అలారం మోగుతుందని హాల్లో అది పీకేసి మరీ చేశాం. అభిజిత్ తాత ఫోటోకు దండం పెట్టి "బై తాతా" అన్నాడు. నువ్వు మంచులో రాలేకపోయావు, ఫరవాలేదు.

ఇంకా రాద్దామనుకున్నాను. చెయ్యి నొస్తోంది.

పుష్పలీల


గ్లాస్గో,
జనవరి 26, 2025

వదినా,

నీ ఉత్తరం చదివి ధైర్యం తెచ్చుకున్నాను. ఆ ధైర్యం ఎన్నాళ్ళో నిలవలేదు.

మోరాగ్ అతన్ని ఇంటికి తెచ్చుకుంది. దానికోసం ఆమె పడిన పాట్లు చూస్తే నువ్వు ఏడుస్తావు. ముందు గదిలో సోఫా తీయించి ఆస్పత్రి మంచం వేయించింది. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ ఎక్కడానికి చెక్క వాలు కట్టించింది. పైపులో పాలు పోయడం నర్సు దగ్గర నేర్చుకుంది. ఆ గది తలుపు మీద తెలుగులో "మన ఇల్లు" అని రాసి అంటించింది. ఆ అక్షరాలు నేనే నేర్పాను. ఇదంతా నేనన్న ఒక్క అబద్ధం కోసం వదినా.

అతను ఇంటికి వచ్చి ఆ తలుపు వైపు చూడనైనా చూడలేదట. క్రిస్మస్ కాకముందే ఊపిరితిత్తుల్లో చీము చేరింది. అంబులెన్సు. మళ్ళీ సూదులు. తగ్గి ఇంటికి, పది రోజులు కాలేదు, మళ్ళీ అంబులెన్సు. పైపు పీకేసుకుంటున్నాడని చేతులకు లావుపాటి తొడుగులు వేశారు, పసిపిల్లలకు వేస్తారే అలాంటివి. నేను చూడ్డానికి వెళ్తే ఆ తొడుగుల చేతులు రెండూ ఎత్తి నాకు దండం పెట్టాడు. దండం పెట్టి "చెప్పినవా చెల్లె?" అని అడిగాడు.

నేను తల ఊపాను. చెప్పానన్నట్టు తల ఊపాను వదినా! అట్లా ఎందుకు ఊపానో నాకే తెలియదు.

ఇప్పుడు డాక్టరు మోరాగ్‌ను కూర్చోబెట్టి అడుగుతోంది: ఈసారి జ్వరం వస్తే మళ్ళీ ఆస్పత్రికి తెచ్చి సూదులివ్వాలా, లేక ఇంట్లోనే నొప్పి లేకుండా చూసుకుని వదిలేయాలా, మీ ఆయన ఏది కోరుకుంటాడు అని. మోరాగ్ ఏమందో తెలుసా? "మా ఆయన ఇంటికి రావాలని నోరు తెరిచి అడిగిన మనిషి. బతకాలని ఉంది కాబట్టే కదా అడిగాడు. మీరు చేయగలిగిందంతా చేయండి" అంది. నేను పక్కనే కూర్చున్నాను. బల్ల మీద టీ చల్లారిపోయింది.

క్లాసులో మాత్రం ఆమె ఇప్పుడు అందరికంటే ముందుంది. నేను నేర్పేకొద్దీ ఆమెకు అతని మాటలు ఒక్కొక్కటిగా అందుతున్నాయి. ప్రతి గురువారం నాకు గండమే. నేర్పకుండా ఉండలేను, నేర్పితే దొరికిపోతాను. నాకు ఒంట్లో బాగాలేదని ఫియోనాకు చెప్పి ఒక వారం క్లాసు ఎగ్గొట్టాను కూడా. జిమ్ పాపం లైబ్రరీ దాకా వచ్చి, నా కోసం కార్డు మీద అందరిచేతా సంతకాలు పెట్టించి పంపాడు.

ఏం చేయమంటావు?

కస్తూరి


రీడింగ్,
ఫిబ్రవరి 23, 2025

కస్తూరీ,

ఇన్నాళ్ళు జవాబు రాయలేదని కోపంగా ఉంటావు. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. డిసెంబరులో నేను రాసిన ఉత్తరం నువ్వూ చింపెయ్. అందరూ చెప్పే మాటే నేనూ చెప్పాను. నా మాట కాదు అది.

నా మాట ఇప్పుడు రాస్తున్నాను. నాకు కోపం వస్తోంది కస్తూరీ. నీ మీద వస్తోంది, ప్రదీప్ మీద వస్తోంది, అందరి మీదా వస్తోంది.

మీ అన్న ఆస్పత్రిలో ఉన్న చివరి వారం నేను రోజూ డబ్బా కట్టుకుని పోయేదాన్ని. పప్పు మెత్తగా ఉడికించి, నెయ్యి వేసి, గుడ్డలో చుట్టి, వేడి పోకుండా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చునేదాన్ని. రెండు ముద్దలు తినేవాడు. ప్రదీప్ "తగ్గుతుందమ్మా, డాక్టర్లు బాగుందంటున్నారు" అనేవాడు. నేను నమ్మాను. కొడుకు చెప్తే నమ్మనా? చివరి రోజు సాయంత్రం ప్రదీప్ వాళ్ళంతా మంచం చుట్టూ నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో నాకొక్కదానికే తెలియదు. బస్సుకు టైమవుతోందని నేను డబ్బా సర్దుకుంటున్నాను. మూత కనబడలేదు. "మూత యాడ పెట్టినవ్?" అని మీ అన్నను కసిరాను. అంతే. ఆయనతో నేనన్న ఆఖరి మాట అది. అంత కాలం కాపురం చేసి, డబ్బా మూత యాడ పెట్టినవ్ అని పంపించాను.

దహనం రోజున ఆ వార్డులో పనిచేసే మలయాళీ నర్సు వచ్చింది. నా చేతులు పట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది: ఇక మిషన్లు వద్దు, ఇంతటితో చాలని ఆయనే చెప్పాడట, మీ అబ్బాయి ధైర్యంగా ఒప్పుకున్నాడట, ప్రశాంతంగా పోయాడట. నాకు ఇంగ్లీషు రాదని అందరూ అనుకుంటారు. మాట్లాడడం రాదు, వినడం వచ్చు. ఆమెకు దండం పెట్టి ఇంటికొచ్చాను. అప్పటి నుంచి ఎవరితోనూ అనలేదు. ప్రదీప్ నా ముందు తల దించుకునేది ఎందుకో నాకు తెలుసు. వాడికి నాకు తెలుసని తెలియదు. అమ్మకు తెలిస్తే తట్టుకోలేదని వాడి భయం. తెలిసిందంటే వాడు తట్టుకోలేడని నా భయం. ఒకే ఇంట్లో ఇట్లా తిరుగుతున్నాం.

నీకూ అప్పట్లోనే తెలుసేమో నేను అడగను. నువ్వూ రాయకు.

ఆ మోరాగ్‌కు చెప్పెయ్. ఆమె నిన్ను తిట్టినా సరే, కొట్టినా సరే. ఇప్పుడే చెప్పు. అతను ఇంకా ఉన్నాడు కదా!

పుష్పలీల


గ్లాస్గో,
మార్చి 9, 2025

వదినా,

నువ్వు రాయొద్దన్న సంగతి రాయడం లేదు. నీ ఉత్తరం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నానని మాత్రం రాస్తున్నాను.

ఈ గురువారం చెప్పేద్దామనే వెళ్ళాను. క్లాసు అయిపోయింది, జిమ్ కప్పులు కడిగిపెట్టి వెళ్ళాడు, రుచిత బస్సుకు పోయింది. మోరాగ్ కుర్చీలోంచి లేవలేదు. నేను నోరు తెరిచేలోపే తనే మొదలుపెట్టింది, తెలుగులో, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ. "విద్యా రోజూ చెప్తడు. సాలు. వద్దు. పోనియ్యి. మూడు మాటలు. నాకు తెల్సు. ఇల్లు అని లేదు. ఎప్పుడూ లేదు."

ఏడుస్తూ మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు వదినా. తిడితే బాగుండేది. ఇంగ్లీషులోకి మారి, "ఎందుకలా చెప్పావు?" అని మాత్రం అడిగింది. మా వాళ్ళలో అటువంటి మాట భార్య చెవిన వేయరు అన్నాను. "మరి అతను ఎవరితో చెప్పుకోవాలి?" అంది. "ఆ తొడుగులు వేసింది నేను కస్తూరీ. వద్దు వద్దు అంటుంటే నా చేతులతో నేను వేశాను" అని బల్ల మీద తల పెట్టుకుంది. లైబ్రరీ మూసే వేళయింది. ఫియోనా వచ్చి మమ్మల్ని చూసి, లైట్లు ఆర్పకుండా వెళ్ళిపోయింది.

తర్వాత మొహం తుడుచుకుని పెన్ను తీసింది. డాక్టరుతో మాట్లాడతానంది. ఈసారి ఫోన్ కాకుండా తెలుగు మనిషినే ఎదురుగా పిలిపించమంటుందట, నేను కాకుండా వేరే మనిషిని. అది నాకు తగలాల్సిందే. ఆ తర్వాత ఇలా అంది: "అతను ఇన్నాళ్ళు చెప్పింది నేను విన్నానని అతనికి తెలియాలి. వెళ్ళనిస్తున్నానని నేనే చెప్పాలి, అతని భాషలో. ఏమని చెప్పాలి? మీ ఆడవాళ్ళు ఏమంటారు? నేర్పు."

ఏమంటారు వదినా? నాకు తెలియదు. పూజలో ఏం చదవాలో తెలుసు, పోయాక ఏమని ఏడుస్తారో తెలుసు. బతికున్న మొగుడిని సాగనంపే మాట మనవాళ్ళు ఎవరైనా అనగా నేను వినలేదు. రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. నేను రాసిందల్లా రేడియో వార్తల్లా ఉంది.

నిన్ను అడగడానికి నాకు నోరు లేదు. అయినా అడుగుతున్నాను. ఆ రోజు నీకు చెప్పి ఉంటే, నువ్వు అన్నతో ఏమనేదానివి?

కస్తూరి


రీడింగ్,
మార్చి 15, 2025

కస్తూరీ,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. సాయంత్రానికి రాస్తున్నాను. వెతుక్కోవలసిన పని లేదు. ఏడాదికి పైగా పొయ్యి దగ్గర నిలబడి ఈ మాటలే అనుకుంటున్నాను.

ముందు ఆమెకు ఇది చెప్పు. మొహం చూస్తూ అనొద్దు, మొహం చూస్తే గొంతు పెగలదు. కాళ్ళ దగ్గర కూర్చుని, కాళ్ళు ఒత్తుతూ అనమను. మగవాళ్ళు అప్పుడే మాట వింటారు. మెల్లగా అనమను. తప్పులు పోయినా ఫరవాలేదు, అతనికి ఆనుతుంది.

ఇవి రాసుకోమను:

"నువ్వు చెప్పింది నేను విన్న. ఆలిస్యమైంది, కోపం చెయ్యకు. నీకు శాతనైతలేదని నాకు సమజైంది. ఇగ సాలు. సూదులు పెట్టనియ్య. నిన్ను ఎవ్వల్ని ముట్టనియ్య. నా గురించి రంది పెట్టుకోకు. నేను తింట, పంట, ఉంట. నువ్వు నాకు ఏం తక్కువ చెయ్యలే. నిమ్మలంగ పో. నేను నీ పక్కపొంటే ఉన్న. పైలం."

ఇంతే. ఇంకేమీ కలపకు, అందం చేయకు.

కోడలు కింద నుంచి అన్నానికి పిలుస్తోంది. పోతున్నాను.

పుష్పలీల


గ్లాస్గో,
ఏప్రిల్ 20, 2025

వదినా,

విద్యాసాగర్ పోయాడు. ఈ మంగళవారం పొద్దున, ఇంట్లో, మోరాగ్ పక్కనుండగానే. నొప్పి తెలియకుండా మందు ఇస్తూ వచ్చారు. పైపు ముందే తీసేశారు. ఎడిన్‌బరా నుంచి ఒక పెద్దమనిషి వచ్చి అతని మంచం పక్కన కూర్చుని మాట్లాడి, డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. తొడుగులు మోరాగే విప్పి చెత్తబుట్టలో వేసింది.

నీ మాటలు ఆమెకు ఎలా నేర్పానో చెప్తాను. లైబ్రరీలో కుదరలేదు, వాళ్ళ వంటింట్లో కూర్చున్నాం. ఒక్కొక్క మాటకు అర్థం చెప్పాను. "రంది" అన్న దగ్గర ఆగి, ఇది ఇంగ్లీషులో ఏమిటంది. దిగులు కంటే లోపల ఉండేది అన్నాను. "నేను తింట, పంట, ఉంట" అంటే తింటాను, పడుకుంటాను, ఉంటాను అని చెప్పాను. అది చదివి నవ్వింది, నవ్వి ఏడ్చింది. "వీటిని రాసినామె తన భర్తతో చెప్పిందా?" అని అడిగింది. లేదు, చెప్పనివ్వలేదు అన్నాను. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. కాగితం చూడకుండా వచ్చేదాకా వదల్లేదు. "పైలం" అంటే జాగ్రత్త అని చెప్పాను, అది మాత్రం ఆమె నోట "పైలమ్మ్" అని సాగుతుంది. నేను దిద్దలేదు.

మాటలన్నీ నోటికొచ్చాక, ఆ ఆదివారం నన్ను రమ్మంది. గదిలోకి తీసుకుపోతుందనుకున్నాను. "నువ్వు ఇక్కడ కూర్చో" అని మెట్ల మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు మీద "మన ఇల్లు" కాగితం అట్లాగే ఉంది. లోపల ముందు ఆమె గొంతు వినబడింది. మాటలు వినబడలేదు, గొంతే. ఆగి ఆగి, తడబడకుండా. ఆ తర్వాత అతని గొంతు. చాలాసేపు మాట్లాడాడు వదినా. అంతసేపు అతను మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. మధ్యలో ఆమె ఏదో అంది, అతను మళ్ళీ ఏదో అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. నేను గబుక్కున లేచి నిలబడ్డాను, ఎప్పటిలా "ఏమంటున్నాడు?" అని అడుగుతుందని, ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాలని.

ఆమె నన్ను ఏమీ అడగలేదు. నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

కస్తూరి